విద్యుత్ పంపిణీలో ఆటోమేషన్: అంతరాయం కబురు ముందుగా చేరేదెవరికి?

(ప్రత్యేక వ్యాసం)

ఈదురుగాలి వీచిన రాత్రి పాత్రికేయుల నుంచి విద్యుత్ పంపిణీ సంస్థలకు, జిల్లా పౌర సంబంధాల కార్యాలయాలకు వచ్చే ఫోన్లలో వినిపించేది సాధారణంగా ఒకే ప్రశ్న: కరెంటు ఎప్పుడు వస్తుంది? దానికి జవాబు చెప్పాలంటే అంతకంటే ముందు మరో ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలి. సరఫరా ఎక్కడ ఆగింది, ఏ కారణం చేత ఆగింది? అది తెలియనంతసేపు "సిబ్బంది మరమ్మతు పనుల్లో నిమగ్నమై ఉన్నారు, త్వరలో పునరుద్ధరిస్తాం" అన్న ప్రకటనకు మించి ఏ అధికారీ చెప్పగలిగింది ఉండదు.

పంపిణీ రంగంలో ఆటోమేషన్, సమాచార ప్రసార వ్యవస్థల కోసం దేశవ్యాప్తంగా వేల కోట్ల రూపాయలు వెచ్చిస్తున్నారు. స్కాడా కేంద్రాలు, రిమోట్ టెర్మినల్ యూనిట్లు, స్మార్ట్ మీటర్లు, ఆటో రీక్లోజర్లు వంటి పేర్లు పత్రికా ప్రకటనల్లో తరచుగా కనిపిస్తున్నాయి. ఎన్ని పరికరాలు అమర్చారన్న లెక్క ఈ వ్యయానికి సరైన కొలమానం కాజాలదు. సరఫరా ఆగిన క్షణానికీ, ఆ సంగతి బాధ్యుడైన ఉద్యోగికి కచ్చితంగా తెలిసిన క్షణానికీ మధ్య వ్యవధి ఎంత తగ్గిందన్నది మొదట చూడవలసిన అంశం. అలా తెలిసిన సంగతి నిజమైనదేనా, దానిని నమ్మి తీసుకునే చర్య స్తంభం మీద పనిచేస్తున్న కార్మికుడికి సురక్షితమేనా అన్నవి ఆ వెంటనే పరిశీలించవలసిన అంశాలు.

నేపథ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. విద్యుత్ బోర్డు స్థానంలో ఏపీ జెన్‌కో, ఏపీ ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. 2000 ఏప్రిల్‌లో నాలుగు పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి. 2014 రాష్ట్ర విభజనతో తెలంగాణ సంస్థలు విడిపోగా, 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, తిరుపతి, విజయవాడ కేంద్రాలుగా మూడు సంస్థలు పంపిణీ బాధ్యతలు నిర్వహిస్తున్నాయి.

400, 220, 132 కేవీ స్థాయిలోని ప్రసార వ్యవస్థపై లోడ్ డిస్పాచ్ కేంద్రాల నిరంతర పర్యవేక్షణ చాలా కాలంగా ఉంది. అయితే సామాన్య వినియోగదారుడు ఎదుర్కొనే అంతరాయాల్లో అధికభాగం అంతకు దిగువన, అంటే 33 కేవీ, 11 కేవీ లైన్లలోను, పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లు, ఎల్‌టీ తీగల్లోను పుడతాయి. గ్రిడ్ పైభాగం కంప్యూటరు తెరపై కనిపిస్తున్న కాలంలో కూడా ఈ దిగువభాగం సమాచారం ఫోను మీద, లాగ్ పుస్తకం మీద, లైన్‌మన్ సైకిలు లేదా మోటారు సైకిలు మీద ఆధారపడి నడిచింది.

ఈ లోటును పూరించేందుకు కేంద్ర ప్రభుత్వం 2008లో పునర్వ్యవస్థీకరించిన సత్వర విద్యుత్ అభివృద్ధి, సంస్కరణల కార్యక్రమాన్ని (ఆర్-ఏపీడీఆర్‌పీ) చేపట్టింది. ఇందులోని 'ఎ' భాగం కింద వినియోగదారుల వివరాల క్రోడీకరణ, భౌగోళిక పటాల తయారీ, ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్ల ఏర్పాటు వంటి పనులకు నిధులు కేటాయించారు. 4 లక్షల జనాభా, ఏటా 350 మిలియన్ యూనిట్ల విద్యుత్ రాక ఉన్న పట్టణాలకు స్కాడా వ్యవస్థను వర్తింపజేశారు. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పునరుద్ధరించిన పంపిణీ రంగ పథకం (ఆర్‌డీఎస్‌ఎస్) అంచనా వ్యయం 3,03,758 కోట్ల రూపాయలు. అందులో కేంద్ర బడ్జెట్ తోడ్పాటు 97,631 కోట్లు. 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు అమర్చడం, మొత్తం సాంకేతిక, వాణిజ్య నష్టాలను జాతీయ స్థాయిలో 12 నుంచి 15 శాతానికి తగ్గించడం ఈ పథకం ప్రకటించిన లక్ష్యాలలో ఉన్నాయి.

మరోవైపు, 2020 డిసెంబరు 31న వెలువడిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, అంతరాయాలను గుర్తించి సరఫరాను పునరుద్ధరించేందుకు వీలైనంత వరకు స్వయంచాలిత సాధనాలతో కూడిన యంత్రాంగాన్ని ఏర్పాటు చేయాలని పంపిణీ సంస్థలకు నిర్దేశించాయి. అంటే ఆటోమేషన్ నేడు ఇంజినీర్ల అభీష్టానికి సంబంధించిన విషయంగా మిగలలేదు. వినియోగదారుడి హక్కులో భాగమైంది.

ఫీడర్ ట్రిప్ అయితే జరిగేది

గ్రామీణ ప్రాంతంలోని ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే 11 కేవీ ఫీడరును ఉదాహరణగా తీసుకుందాం. అది నాలుగైదు గ్రామాల మీదుగా, చేలగట్ల వెంట కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. ఎక్కడో చెట్టుకొమ్మ తీగలపై పడుతుంది. సబ్‌స్టేషన్‌లో రిలే పనిచేసి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. షిఫ్ట్ ఆపరేటరు సమయం నమోదు చేసి, కొద్దిసేపటి తర్వాత లైనును మళ్లీ చార్జి చేసి చూస్తాడు. నిలబడకపోతే లైన్‌మన్‌కు ఫోను చేస్తాడు.

అక్కడి నుంచి అసలు శ్రమ మొదలవుతుంది. లైన్‌మన్ ఫీడరు వెంట నడుస్తూ తీగలను పరిశీలిస్తాడు. లోపం కంటికి కనిపించకపోతే మధ్యలో ఉన్న ఏబీ స్విచ్చిని తెరిచి, సబ్‌స్టేషన్ వైపు భాగాన్ని చార్జి చేయమంటాడు. అది నిలిస్తే లోపం అవతలి భాగంలో ఉన్నట్లు లెక్క. ఆ తర్వాత ముందుకు సాగి తదుపరి స్విచ్చి వద్ద ఇదే పని తిరిగి చేస్తాడు. వానలో, చీకటిలో, కాలువ దాటి చేయవలసిన ఈ అన్వేషణకు గంటలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. కొమ్మను తొలగించే పనికి పట్టే సమయం కంటే దానిని కనుగొనడానికి పట్టే సమయమే చాలా సందర్భాల్లో ఎక్కువ.

ఆటోమేషన్ తగ్గించగలిగింది ప్రధానంగా ఈ వెతుకులాటనే. ఫీడరు పొడవునా అక్కడక్కడ అమర్చిన ఫాల్ట్ ప్యాసేజ్ ఇండికేటర్లు లోపపు కరెంటు తమ గుండా ప్రవహించిందో లేదో గుర్తిస్తాయి. మూడో ఇండికేటరు వరకు ఆ కరెంటు ప్రవహించి, నాలుగోదాని గుండా ప్రవహించకపోతే లోపం ఆ రెండింటి మధ్య ఉన్నట్లే. కంట్రోల్ కేంద్రం నుంచి ఆ భాగానికి ఇరువైపులా ఉన్న స్విచ్చులను తెరిచి, ముందున్న భాగానికి సబ్‌స్టేషన్ నుంచి, వెనకనున్న భాగానికి పొరుగు ఫీడరు నుంచి సరఫరా ఇవ్వవచ్చు. లోపమున్న గ్రామం ఒక్కటి మాత్రం మరమ్మతు అయ్యేదాకా వేచి ఉంటుంది. మిగిలిన గ్రామాలకు నిమిషాల్లో వెలుగు వస్తుంది. పొరుగు ఫీడరుతో అనుసంధానం, అదనపు లోడును మోయగల తీగ లేని చోట ఈ సౌలభ్యం లభించదు. యంత్రం ఉన్న దారిని వాడుకోగలదే తప్ప లేని దారిని సృష్టించలేదు.

యంత్రానికి కనిపించనిది

ఓవర్‌హెడ్ లైన్లలో వచ్చే లోపాల్లో ఎక్కువ శాతం తాత్కాలికమైనవి. పక్షి తగలడం, గాలికి తీగలు ఒకదానినొకటి తాకడం వంటివి క్షణాల్లో తొలగిపోతాయి. అందుకే ట్రిప్ అయిన లైనును తనంతట తానే తిరిగి చార్జి చేసే ఆటో రీక్లోజర్లు ఉపయోగకరం. అయితే తీగ తెగి నేలపై పడినప్పుడు ఇదే ఉపకరణం ఆ తీగలోకి మళ్లీ విద్యుత్తును పంపుతుంది. ఎన్ని ప్రయత్నాల తర్వాత లాక్ కావాలి, జనం తిరిగే చోట రీక్లోజింగ్ అనుమతించాలా వద్దా అన్నది ప్రాంతాన్ని బట్టి తేల్చవలసిన విషయం.

ఇంతకంటే క్లిష్టమైన పరిస్థితి మరొకటి ఉంది. తెగిన తీగ ఎండిన ఇసుక మీదనో, పొడి నేల మీదనో పడితే భూమిలోకి ప్రవహించే కరెంటు అతి స్వల్పంగా ఉంటుంది. దానిని సాధారణ రిలే మామూలు లోడుగానే భావించే ప్రమాదం ఉంది. కంట్రోల్ కేంద్రంలో తెరపై ఫీడరు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పొలంలో మాత్రం ప్రాణాంతకమైన తీగ పడి ఉంటుంది. తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లే రైతుకు, మేతకు వెళ్లే పశువుకు దాని సంగతి తెలియదు. ఎంతటి ఆధునిక కేంద్రం ఏర్పడినా 1912 నంబరుకు వచ్చే గ్రామస్థుడి ఫోను విలువ తగ్గదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. "తెర మీద ఏ లోపమూ లేదు" అన్న సమాధానంతో అటువంటి ఫోనును ముగించరాదు. ఫిర్యాదును తెర కంటే ముందు నమ్మి, లైను ఆపి, ఆ తర్వాత విచారించడమే క్షేమదాయకం.

హుద్‌హుద్ నేర్పిన పాఠం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలులకు విద్యుత్ స్తంభాలు, టవర్లు నేలకొరిగాయి. నగరం అంధకారంలో మునిగింది. దాంతోపాటే సెల్‌ఫోన్లు మూగబోయాయి. టెలికాం టవర్లకు గ్రిడ్ సరఫరా లేదు. బ్యాటరీలు, డీజిలు ఉన్నంతసేపే అవి పనిచేయగలవు. కరెంటు లేక ఫోను పనిచేయలేదు. ఫోను లేక కరెంటు పనుల సమన్వయం కష్టమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు కూడా విద్యుత్తు, సమాచార వ్యవస్థలు ఏకకాలంలో దెబ్బతిన్నాయి.

ఆటోమేషన్ ప్రణాళికలను పరిశీలించే అధికారులు ప్రధానంగా గమనించవలసిన చిక్కుముడి ఇదే. పంపిణీ వ్యవస్థను కనిపెట్టి ఉండవలసిన సమాచార మార్గం ఆ పంపిణీ వ్యవస్థ మీదనే ఆధారపడి ఉంటే, అవసరమైన ఘడియలోనే అది చేతికి అందకుండా పోతుంది. మామూలు రోజుల్లో సెల్యులార్ సిమ్ ద్వారా సబ్‌స్టేషన్ సమాచారం రప్పించుకోవడం చవక, సులభం. తుఫాను రాత్రికి అది ఒక్కటే సరిపోదు.

పాత తరం ఇంజినీర్లు ఈ విషయాన్ని ఎరిగినవారే. హైటెన్షన్ తీగల మీదుగానే మాటను, సంకేతాన్ని పంపే పవర్ లైన్ క్యారియర్ విధానాన్ని, వీహెచ్‌ఎఫ్ రేడియోలను వారు టెలిఫోను శాఖపై ఆధారపడకుండా వాడుకున్నారు. నేడు ఆ స్థానంలో ఆప్టికల్ ఫైబర్ వచ్చింది. ముఖ్యమైన సబ్‌స్టేషన్లకు రెండు వేర్వేరు దారుల్లో అనుసంధానం, రిమోట్ టెర్మినల్ యూనిట్‌కు సొంత బ్యాటరీ, ఆ బ్యాటరీకి క్రమబద్ధమైన పరీక్ష, అన్నీ విఫలమైనప్పటికీ పనిచేసే రేడియో సెట్లు అవసరం. ఇవి టెండరు పత్రంలో చిన్న పద్దులు. విపత్తు వేళ మొత్తం వ్యవస్థ ప్రయోజనం వీటి మీదనే నిలబడుతుంది.

హుద్‌హుద్ అనంతరం ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద విశాఖపట్నంలో భూగర్భ కేబుళ్ల పనులు చేపట్టారు. గాలివాన తాకిడి నుంచి కేబులుకు రక్షణ ఉంటుంది. కాని లోపం వస్తే అది కంటికి కనిపించదు. అందువల్ల రింగ్ మెయిన్ యూనిట్ల వద్ద సంకేతాలిచ్చే పరికరాలు, వాటిని కంట్రోల్ కేంద్రానికి కలిపే మార్గం ఓవర్‌హెడ్ లైన్ల కంటే భూగర్భ వ్యవస్థకు మరింత ఆవశ్యకం.

లైన్ క్లియర్: విస్మరించరాని క్రమశిక్షణ

లైనుపై పని ప్రారంభించే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవడం విద్యుత్ శాఖలో తరతరాలుగా వస్తున్న నియమం. ఆపరేటరు బ్రేకరు, ఐసోలేటరు తెరిచి, సమయంతో సహా పుస్తకంలో నమోదు చేస్తాడు. సిబ్బంది పని స్థలానికి ఇరువైపులా తీగలను ఎర్త్ చేస్తారు. పని ముగిసి, మనుషులంతా కిందికి దిగి, లైన్ క్లియర్ తిరిగి ఇచ్చిన తర్వాతే చార్జి చేయాలి. ఒకే ఫీడరుపై ముగ్గురు తీసుకుని ఉంటే ముగ్గురూ తిరిగి ఇవ్వాలి.

దూరం నుంచి స్విచ్చులు నడిపే విధానంలో ఈ నియమానికి కొత్త సవాలు ఎదురవుతుంది. స్తంభం ఎక్కిన మనిషి సబ్‌స్టేషన్ ఆపరేటరుకు తెలుసు. నగరంలోని కంట్రోల్ కేంద్రంలో కూర్చున్న ఉద్యోగికి తెలియకపోవచ్చు. సరఫరా తిరిగి ఇవ్వాలన్న తొందరలో మీట నొక్కితే జరిగే నష్టాన్ని ఏ పరిహారమూ పూడ్చలేదు. అందుకే లైన్ క్లియర్ ఇచ్చిన బ్రేకరును తెర మీద ట్యాగ్ చేసి, ఆదేశం వెళ్లకుండా నిరోధించే ఏర్పాటు ఉంటుంది. ప్యానెల్‌పై ఉన్న స్విచ్చిని 'రిమోట్' నుంచి 'లోకల్'కు మార్చడం రెండో కాపలా. పొరుగు ఫీడరు నుంచి సరఫరా ఇచ్చే స్విచ్చులకూ ఇదే జాగ్రత్త వర్తించాలి.

ఇళ్లపై సౌర పలకలు పెరుగుతున్న కొద్దీ ఎర్తింగ్ ప్రాధాన్యం మరింత పెరుగుతోంది. గ్రిడ్ ఆగినప్పుడు సౌర ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలన్నది నియమం. అయినా సరిగా అమర్చని జనరేటరు, ఇన్వర్టరు నుంచి ఎల్‌టీ తీగలోకి వెనుదిరిగి వచ్చిన విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 11 కేవీ స్థాయికి పెరిగి లైన్‌మన్‌ను చేరగలదు. తెర 'ఆఫ్' అని చూపడం, తీగలో విద్యుత్తు లేకపోవడం ఒకటే అని భావించరాదు.

ఉక్రెయిన్ హెచ్చరిక

దూరం నుంచి నడపగలిగే వ్యవస్థను దూరం నుంచే దుర్వినియోగం చేయవచ్చునని 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో రుజువైంది. మూడు ప్రాంతీయ పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి చొరబడినవారు సంస్థల సొంత వ్యవస్థల ద్వారానే బ్రేకర్లను తెరిచారు. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు సరఫరా ఆగింది. చొరబాటుదారులు అంతటితో ఆగలేదు. సబ్‌స్టేషన్లతో అనుసంధానం కల్పించే పరికరాల్లోని సాఫ్ట్‌వేరును పాడుచేశారు. ఫిర్యాదుల కేంద్రానికి వేలాది దొంగ ఫోన్లు చేయించి, నిజమైన వినియోగదారుల ఫోన్లు అందకుండా చేశారు.

అక్కడ సరఫరా పునరుద్ధరించింది సబ్‌స్టేషన్లకు స్వయంగా వెళ్లి చేతితో బ్రేకర్లు వేసిన సిబ్బంది. ఆ పని తెలిసినవారు ఉండబట్టే గంటల్లో సాధ్యమైంది. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి సైబర్ భద్రతా మార్గదర్శకాలు జారీ చేసింది. నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం, భద్రతకు ప్రత్యేక అధికారిని నియమించడం వంటి అంశాలను అవి నిర్దేశిస్తున్నాయి. వీటికి తోడు, స్కాడా ఉన్న సబ్‌స్టేషన్లలో కూడా చేతితో నడిపే అలవాటు తప్పిపోకుండా నిర్ణీత కాలవ్యవధిలో అభ్యాసం చేయించడం శ్రేయస్కరం.

రికార్డు సరిగా ఉంటేనే ఫలితం

స్మార్ట్ మీటరు సరఫరా ఆగిన క్షణంలో తనలో మిగిలిన కొద్దిపాటి శక్తితో చివరి సందేశం పంపగలదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది మీటర్లన్నీ ఒకేసారి ఆ సందేశం పంపితే లోపం ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఉందని, ఒక్కటే పంపితే ఆ ఇంటి సర్వీసు తీగలో ఉందని ఊహించవచ్చు. ఇటువంటి ప్రయోజనాల పరిశీలనకే కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఎంపిక చేసిన 14 స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాత్మక ప్రాజెక్టులలో హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతానికి స్థానం లభించింది.

అయితే ఏ సర్వీసు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉందన్న రికార్డు తప్పయితే ఈ ఊహ కూడా తప్పుతుంది. వేసవిలో లోడు ఎక్కువై ఒక వీధిని పక్క ట్రాన్స్‌ఫార్మరుకు మార్చిన సంగతి మరునాటికి కంప్యూటరులో నమోదు కాకపోతే, కంప్యూటరు సిబ్బందిని వేరే వీధికి పంపుతుంది. నష్టాల లెక్కలోనూ ఇదే పొరపాటు దొర్లుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద లేని చౌర్యం కనిపిస్తుంది, మరొకదాని కింద ఉన్న చౌర్యం కనుమరుగవుతుంది. మార్పు చేసిన లైన్‌మన్ చేతిలోనే నమోదు చేసే సౌలభ్యం ఉంచడం, చేసినందుకు గుర్తింపు ఇవ్వడం ఖరీదైన సాఫ్ట్‌వేరు కంటే మేలు చేస్తాయి.

ట్రాన్స్‌ఫార్మరు చెడిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో పనితీరు ప్రమాణాలను నిర్దేశించింది. పొట్ట దశలో ఉన్న వరికి 48 గంటలు కూడా దీర్ఘకాలమే. ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు ఉండి, అధిక లోడు, ఫేజుల అసమతుల్యత ముందే తెలిసి, ఎవరో ఒకరు ఆ నివేదికను చదివి కదిలితే అది కాలిపోక ముందే కాపాడవచ్చు. ఆటోమేషన్ రైతుకు చేయగల మేలు ఈ రూపంలోనే ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

అంకెలను చదివే తీరు

పాత్రికేయ మిత్రుల దృష్టికి ఒక విషయం తీసుకురావడం సముచితం. ఒక్కో వినియోగదారుడికి ఏడాదిలో సగటున ఎన్నిసార్లు అంతరాయం కలిగింది, మొత్తం ఎంతసేపు కలిగింది అన్న రెండు సూచికలతో సరఫరా విశ్వసనీయతను కొలుస్తారు. చేతితో రాసే పుస్తకంలో కొన్ని అంతరాయాలు నమోదు కాకుండా పోతాయి. యంత్రం మరచిపోదు, మొహమాటపడదు. కాబట్టి ఆటోమేషన్ వచ్చిన తొలి ఏడాది అంతరాయాల సంఖ్య కాగితం మీద పెరిగినట్లు కనిపించవచ్చు. దానిని వెంటనే వైఫల్యంగా చిత్రించడం, ఆ అంకె చూసి కింది ఉద్యోగిని మందలించడం రెండూ నష్టదాయకమే. నిజం నమోదు చేసినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే ఆ తర్వాత వచ్చే అంకెల్లో నిజం ఉండదు. పాత, కొత్త పద్ధతుల అంకెలను విడివిడిగా చూపి, మార్పు జరిగిన తేదీని ప్రకటించడం సంస్థల బాధ్యత.

అధికారుల సమీక్షల్లో ఎన్ని సబ్‌స్టేషన్లకు పరికరాలు అమర్చారన్న ప్రశ్నతోపాటు మరికొన్ని ప్రశ్నలు చోటుచేసుకోవాలి. గత నెలలో ఎన్ని సబ్‌స్టేషన్లు ఎంతసేపు కంట్రోల్ కేంద్రంతో సంబంధం కోల్పోయాయి? బ్యాటరీలను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? లైన్ క్లియర్ ట్యాగ్ లేకుండా పని జరిగిన సందర్భాలున్నాయా? అంతరాయం గురించి వినియోగదారుడు ఫోను చేయకముందే సంస్థకు తెలిసిన సందర్భాలు ఎన్ని?

వీటిలో చివరి ప్రశ్న ముఖ్యమైనది. చీకట్లో కూర్చున్న కుటుంబం ఫోను చేస్తే తప్ప సంస్థకు తెలియని స్థితి నుంచి, ఫలానా చోట లోపం ఉంది, ఫలానా సమయానికి సరఫరా వస్తుంది అని సంస్థే ముందుగా కబురు పంపే స్థితికి చేరడమే ఈ వ్యయప్రయాసల పరమార్థం. ఆ కబురు నమ్మదగినదై ఉండాలి. స్తంభం ఎక్కిన కార్మికుడు క్షేమంగా దిగిన తర్వాతే వెలుగు రావాలి. ఈ రెండూ నెరవేరిననాడు "కరెంటు ఎప్పుడు వస్తుంది?" అన్న ప్రశ్నకు అధికారులు గడియారం చూసి జవాబు చెప్పగలుగుతారు.